పదో పుస్తకం పంచాయితీ

పద్నాలుగు నవలలు, ఇరవై మూడేళ్లు, ఇద్దరు రచయితలు. 'ది వీల్ ఆఫ్ టైమ్' శ్రేణిలో ఏది గొప్పది, ఏది తీసికట్టు అన్న తగువు పాఠకుల మధ్య ఈనాటికీ తెగలేదు.

2003 జనవరిలో అమెరికా పుస్తకాల షాపుల్లోకి దాదాపు 700 పేజీల నవల ఒకటి వచ్చింది. పేరు 'క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్'. రాబర్ట్ జోర్డాన్ రాస్తున్న ఫాంటసీ శ్రేణి 'ది వీల్ ఆఫ్ టైమ్'లో అది పదోది. వస్తూనే న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో మొదటి స్థానం పట్టేసింది. కొన్నవాళ్లు ఆబగా చదివారు. చదివి మండిపడ్డారు. ఇరవై ఏళ్లు దాటినా ఆ మంట చల్లారలేదు. ఈ శ్రేణి అభిమానులు నలుగురు ఒకచోట చేరి పుస్తకాలను వరసలో పెట్టడం మొదలెడితే, పై స్థానాల దగ్గర గొంతులు లేస్తాయి. నాలుగోదా, ఆరోదా, పన్నెండోదా అని గంటల తరబడి వాదన నడుస్తుంది. అట్టడుగుకు వచ్చేసరికి మాత్రం ఎక్కువమంది వేళ్లు పదో పుస్తకం వైపే తిరుగుతాయి.

అంత కోపం ఉన్నవాళ్లు శ్రేణిని వదిలేశారా అంటే, లేదు. పదకొండోదీ కొన్నారు. అది కూడా మొదటి స్థానానికే వెళ్లింది. ఇష్టం లేనివాడు రెండో పుస్తకం దగ్గరే ఆగిపోతాడు. పదో పుస్తకాన్ని తిట్టాలంటే ముందు తొమ్మిది పుస్తకాలను ప్రేమించి ఉండాలి. ఈ పంచాయితీలో గట్టిగా అరిచేవాళ్లంతా అందుకే ఆ కథను నరనరానా ఎక్కించుకున్నవాళ్లు. ఏ పాత్ర ఏ పుస్తకంలో ఏ రంగు అంచున్న గౌను వేసుకుందో కూడా చెప్పగలరు.

గౌన్ల సంగతి ఊరికే ఎత్తలేదు. జోర్డాన్ బట్టలను, స్నానాలను, విందులను తీరిగ్గా వర్ణిస్తారు. నైనీవ్ అనే పాత్ర కోపం వచ్చినప్పుడల్లా జడ పట్టుకుని లాగుతుంది. శ్రేణి మొత్తంలో అది ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టిన పాఠకులున్నారు.

సైనికుడి కలం

రాబర్ట్ జోర్డాన్ అన్నది కలం పేరు. అసలు పేరు జేమ్స్ ఆలివర్ రిగ్నీ జూనియర్. 1948లో సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్ల్స్‌టన్‌లో పుట్టారు. వియత్నాం యుద్ధంలో రెండు విడతలు హెలికాప్టర్ గన్నర్‌గా పనిచేశారు. తిరిగొచ్చి సిటడెల్ సైనిక కళాశాలలో ఫిజిక్స్ చదివి, అమెరికా నౌకాదళం దగ్గర న్యూక్లియర్ ఇంజనీరుగా ఉద్యోగం చేశారు. ఆ తర్వాత రచనలోకి వచ్చారు. భార్య హారియెట్ మెక్‌డూగల్ పేరున్న ఎడిటర్. మొదటి పుస్తకం నుంచి చివరిదాకా ఈ శ్రేణిని దిద్దింది ఆమే.

కథ టూ రివర్స్ అనే మారుమూల ప్రాంతంలో మొదలవుతుంది. గొర్రెలు కాసే రాండ్, కమ్మరి దగ్గర పని నేర్చుకుంటున్న పెరిన్, ఊళ్లో ఏ అల్లరి జరిగినా ముందు పేరు వినపడే మ్యాట్. మంత్రశక్తి ఉన్న స్త్రీల సంఘం ఏస్ సెడాయ్ నుంచి మొయిరేన్ అనే ఆవిడ వీళ్లను వెతుక్కుంటూ వస్తుంది. ముగ్గురిలో ఒకడు పూర్వయుగపు వీరుడి పునర్జన్మ. ఆ వీరుడు లోకాన్ని కాపాడాడు, తర్వాత పిచ్చివాడై సొంతవాళ్లనే చంపుకున్నాడు. అప్పటినుంచి మగవాళ్లు వాడే శక్తికి విషం అంటుకుంది. ఆ శక్తిని తాకిన ప్రతి మగవాడికీ కాలక్రమంలో మతి చలిస్తుంది. లోకాన్ని కాపాడాల్సినవాడు కూడా మగవాడే.

కాలం చక్రంలా తిరుగుతుందని, పోయిన యుగం మళ్లీ వస్తుందని, మనుషులు మళ్లీ మళ్లీ పుడతారని ఈ కథకు పునాది. ఆ ఊహకు హిందూ పురాణాల ఋణం ఉందని జోర్డాన్ చెప్పేవారు. అమెరికా పాఠకుడికి మొదటి పేజీల్లో వివరించి చెప్పాల్సిన ఈ సంగతి, యుగాల లెక్కలు వింటూ పెరిగిన తెలుగు పాఠకుడికి చప్పున అందుతుంది.

తేదీల్లో ఉంది కిటుకు

ఏ పుస్తకం ఎప్పుడొచ్చిందో వరసగా చూస్తే ఈ తగువు సగం అర్థమవుతుంది. మొదటిది 'ది ఐ ఆఫ్ ది వరల్డ్' 1990 జనవరిలో వచ్చింది. రెండోది 'ది గ్రేట్ హంట్' అదే ఏడాది నవంబరుకల్లా చేతికొచ్చింది. 1991లో 'ది డ్రాగన్ రీబోర్న్', 1992లో 'ది షాడో రైజింగ్', 1993లో 'ది ఫైర్స్ ఆఫ్ హెవెన్', 1994లో 'లార్డ్ ఆఫ్ కేయాస్'. అయిదేళ్లు నిండకుండా ఆరు పుస్తకాలు, అవీ దిండంతేసి. ఆ వేగానికి పాఠకులు అలవాటు పడిపోయారు.

అక్కడినుంచి నడక మారింది. ఏడోది 'ఎ క్రౌన్ ఆఫ్ సోర్డ్స్' 1996లో, ఎనిమిదోది 'ది పాత్ ఆఫ్ డాగర్స్' 1998లో, తొమ్మిదోది 'వింటర్స్ హార్ట్' 2000లో వచ్చాయి. పదో పుస్తకం 2003కు గానీ రాలేదు. అంటే రెండేళ్లకొకటి, ఆపైన ఇంకాస్త ఆలస్యం. అదే సమయంలో కథ లోపల గడిచే రోజులు తగ్గిపోయాయి. మొదటి పుస్తకాల్లో ఋతువులు మారేవి. ఇప్పుడు 600 పేజీల్లో కొద్ది రోజులు గడిస్తే గొప్ప. బయట కాలం సాగింది, లోపల కాలం కుంచించుకుపోయింది. ఏడు లేదా ఎనిమిది నుంచి పదిదాకా ఉన్న ఈ భాగానికి పాఠకులు పెట్టిన పేరు 'స్లాగ్', అంటే కాళ్లీడ్చుకుంటూ సాగే నడక. ఎక్కణ్నుంచి మొదలవుతుందన్న దానిమీద కూడా గొడవే. ఒకరు ఏడు అంటారు, ఇంకొకరు ఏడు జోలికి రావొద్దంటారు.

ఎదురుచూపు ఎలా ఉండేదో చెప్పడానికి మ్యాట్ కథ చాలు. శ్రేణిలో ఎక్కువమంది మెచ్చే పాత్ర అతనిది. ఏడో పుస్తకం చివర ఎబూ దార్ నగరం మీద షాన్‌చాన్ సేనలు పడతాయి, మ్యాట్ మీద గోడ కూలుతుంది. బతికాడా, పోయాడా? 1996లో ఆ పుస్తకం మూసినవాళ్లు 1998లో ఎనిమిదోది తెరిచారు. అందులో మ్యాట్ ఎక్కడా లేడు. ఒక్క పేజీలోనూ లేడు. అతని సంగతి తెలియడానికి 2000 దాకా ఆగాల్సి వచ్చింది. గోడ కింద మనిషిని నాలుగేళ్లు వదిలేసిన రచయిత మీద అప్పటి పాఠకుడికి ఎంత ఉక్రోషం వచ్చి ఉంటుంది! ఈరోజు అదే కథ చదివే కాలేజీ పిల్ల ఏడోది మూసి, ఎనిమిదోది నాలుగు రోజుల్లో ముగించి, తొమ్మిదోది అందుకుంటుంది. ఆమెకు మ్యాట్ వారం రోజులు కనపడలేదు, అంతే.

పెరిన్ భార్య ఫెయిల్ సంగతి మరీ ఘోరం. ఎనిమిదో పుస్తకంలో ఆమెను షైడో తెగవాళ్లు ఎత్తుకుపోతారు. పెరిన్ వెతుకులాట తొమ్మిదోదానిలోనూ తేలదు, పదోదానిలోనూ తేలదు. ఆమె విడుదలయ్యేది పదకొండో పుస్తకం 'నైఫ్ ఆఫ్ డ్రీమ్స్'లో. 1998 నుంచి 2005. కథలో కొన్ని వారాల చెర, పాఠకుడికి ఏడేళ్లు.

తెలుగువాళ్లకు ఈ ఎదురుచూపు కొత్తేం కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ ఫాంటసీలు నెలకో భాగం చొప్పున చదివిన తరానికి, ఉత్కంఠ దగ్గర ఆగిన కథ కోసం వచ్చే నెల దాకా వేచి ఉండటం బాగా తెలుసు. 'రాకాసి లోయ' గొప్పదా, 'శిథిలాలయం' గొప్పదా అని వాదించుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ సీరియల్స్ తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. నెలనెలా చదివిన పాఠకుడికి, పుస్తకంగా ఒక్క గుక్కలో చదివిన పాఠకుడికి ఇష్టాలు కలవకపోవడం అక్కడా కనిపిస్తుంది.

అలాగని పదో పుస్తకం పాపమంతా ప్రచురణ ఆలస్యం మీదకు నెట్టేస్తే అన్యాయం. కొత్త పాఠకులు ఎనిమిది, తొమ్మిది గురించి పాతవాళ్లంత కఠినంగా మాట్లాడరు. వాటిని వరసగా చదివితే కథ కదులుతున్నట్టే ఉంటుంది. తొమ్మిదో పుస్తకం ముగింపును మెచ్చుకోని వాళ్లు అరుదు. రాండ్, నైనీవ్ కలిసి మగవాళ్ల శక్తికి అంటిన విషాన్ని కడిగేస్తారు. మూడు వేల ఏళ్ల శాపం ఒక్క రోజులో వదిలిపోతుంది. అంత పెద్ద ఘట్టం తర్వాత పదోది తెరిస్తే కథ వెనక్కి వెళ్తుంది. ఆ రోజున, అంతకు ముందు రోజుల్లో, మిగతావాళ్లంతా ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు? ఒక్కొక్కరే దూరంగా ఆ శక్తి జ్వాలను పసిగట్టి, ఏమిటా అని ఆశ్చర్యపోతారు. పుస్తకంలో చాలా భాగం ఈ ఆశ్చర్యంతోనే పోతుంది. కథానాయకుడు రాండ్ ఎక్కడో ఒక అధ్యాయంలో తళుక్కుమంటాడు. ఎలేన్ అనే రాకుమారి సింహాసనం కోసం మంతనాలు చేస్తూనే ఉంటుంది. పెరిన్ తన సైన్యానికి తిండి గింజల కోసం సో హాబర్ అనే ఊరికి వెళ్తాడు. ఆ ధాన్యం నిండా పురుగులు. ఆ ఊరివాళ్లు దయ్యాల భయంతో స్నానాలు కూడా మానేసి ఉన్నారు. పురుగులు పోయేదాకా ధాన్యం తూర్పారబట్టే పని పేజీలకు పేజీలు నడుస్తుంది. భార్య చెరలో ఉండగా!

కావాలనే చేసిన ప్రయోగం అది. ఒక మహాఘటనను ఒకేసారి అన్ని దిక్కులనుంచి చూపించాలని జోర్డాన్ అనుకున్నారు. అది తను ఆశించినట్టు కుదరలేదని తర్వాత పాఠకుల ప్రశ్నలకు జవాబిస్తూ ఆయనే ఒప్పుకున్నారు. కాబట్టి వరసగా చదివినా, ఆగి చదివినా పదోది కిందే ఉంటుంది. ఎదురుచూపు దాని నేరాన్ని రెట్టింపు చేసింది తప్ప, లేని నేరాన్ని అంటగట్టలేదు.

అట్టడుగున ఒక గొడ్డలి

అయినా ఆ పుస్తకాన్ని దాటేసి పదకొండుకు వెళ్లిపొమ్మనే సలహా మాత్రం వినకూడదు. ఎందుకో తెలియాలంటే ఇరవై ఏడో అధ్యాయం చదవాలి.

పెరిన్ దగ్గర ఊరు వదిలిన నాటినుంచి ఒక గొడ్డలి ఉంది. కమ్మరి శిష్యుడు కాబట్టి అతని మనసు సుత్తి వైపు లాగుతుంది, పరిస్థితులు గొడ్డలి వైపు లాగుతాయి. మొదటి పుస్తకంలో ఎలయాస్ అనే అడవి మనిషి అతనికొక మాట చెబుతాడు. ఆ ఆయుధాన్ని అసహ్యించుకున్నంత కాలం దగ్గర ఉంచుకో, ఎప్పుడైతే ఆ అసహ్యం పోతుందో అప్పుడు పారేయి అని దాని సారం. పదో పుస్తకంలో భార్య జాడ చెప్పమని పట్టుబడ్డ షైడో వాళ్లను ఎంత హింసించినా వాళ్లు నోరు విప్పరు. పెరిన్ వస్తాడు. ఏమీ ఆలోచించనట్టే ఒకడి చేయి నరికేస్తాడు. మిగతావాళ్లను చంపను, అవిటివాళ్లను చేసి వదిలేస్తాను, జీవితాంతం అడుక్కుతింటూ బతకండి అని బెదిరిస్తాడు. తర్వాత గొడ్డలిని చెట్టుకేసి విసిరి, అక్కడే వదిలేసి వెళ్లిపోతాడు. 1990లో వేసిన ముడిని 2003లో విప్పారు జోర్డాన్. పురుగుల ధాన్యం మోసుకొచ్చిన పాఠకుడికి, శ్రేణి మొత్తంలో పెరిన్ గురించిన అత్యంత నిజమైన దృశ్యం ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. పుస్తకం చివర, రాండ్ ఊరి పిల్ల ఎగ్వీన్ శత్రువుల చేతికి చిక్కడం కూడా అక్కడే. ఆమె చెర నుంచే తర్వాతి రెండు పుస్తకాల్లోని మంచి భాగాలు పుట్టాయి.

పై స్థానం ఎవరిది?

ఇక గొప్పదాని సంగతి. మూడు నాలుగు పేర్లు గట్టిగా వినిపిస్తాయి. యుద్ధాలు ఇష్టమున్నవాళ్లు ఆరో పుస్తకం 'లార్డ్ ఆఫ్ కేయాస్' అంటారు. దాని చివర డుమాయ్స్ వెల్స్ దగ్గర జరిగే పోరు అలాంటిది. రాండ్‌ను పెట్టెలో బంధించి మోసుకుపోతుంటారు. అతణ్ని విడిపించడానికి వచ్చిన మంత్రశక్తి గల మగవాళ్ల దళం చేసిన నరమేధంలో గెలిచిన సంతోషం ఎవరికీ మిగలదు. యుద్ధాన్ని కళ్లారా చూసి వచ్చిన మనిషి రాసినట్టు తెలిసిపోతుంది. అయితే ఆ నలభై యాభై పేజీలకు చేరడానికి ముందున్న దారి చాలా పొడుగు. ముగింపును చూసి పుస్తకానికి మార్కులు వేయడం ఈ వాదనల్లో తరచూ జరిగే పొరపాటు.

మొదటి పుస్తకాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్లు తక్కువ. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చదివినవాళ్లకు మొదటి సగం మరీ తెలిసిన దారిలా అనిపిస్తుంది: ప్రశాంతమైన పల్లె, పండగ, నల్ల గుర్రం మీద వెంటాడే ముఖం లేని రౌతు. కొత్త పాఠకుడికి పట్టు దొరకాలని ఆ పోలికలు కావాలనే పెట్టానని జోర్డాన్ చెప్పారు. రెండో పుస్తకం నుంచి ఆయన సొంత లోకం తెరుచుకుంటుంది. మూడోది విచిత్రం. పేరే రాండ్ గురించి (పునర్జన్మ ఎత్తిన 'డ్రాగన్' అతనే), రాండ్ మాత్రం చాలా కొంచెం కనిపిస్తాడు. అయినా దాన్ని ఎవరూ తిట్టరు. నాయకుడు లేకపోవడం ఒక్కటే పదో పుస్తకం తప్పు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ కథనం మాత్రం నాలుగో పుస్తకం 'ది షాడో రైజింగ్' పక్షాన నిలబడుతుంది. అందులోని ఇరవై అయిదు, ఇరవై ఆరు అధ్యాయాలే అందుకు సాక్ష్యం.

ఐయీల్ అనే ఎడారి తెగవాళ్లు ఈ లోకంలో అందరికంటే భయంకరమైన యోధులు. కత్తిని ముట్టరు, ఈటెలతో పోరాడతారు. చంపే ముందు ముఖానికి నల్లగుడ్డ కట్టుకుంటారు. ఎందుకో వాళ్లలో చాలామందికి తెలియదు, ఆచారం అంటారు. తెగకు నాయకుడు కావాలనుకున్నవాడు రూయిడియన్ అనే నిషిద్ధ నగరంలో గాజు స్తంభాల మధ్య నడవాలి. రాండ్ నడుస్తాడు. ఒక్కో అడుగుకూ ఒక్కో పూర్వీకుడి కళ్లలోంచి లోకాన్ని చూస్తాడు. అయితే అది వెనక్కి సాగే నడక. ముందు ముత్తాతలు, తర్వాత వాళ్ల ముత్తాతలు. ఫలితం మొదట కనిపిస్తుంది, కారణం తర్వాత తెలుస్తుంది.

నడుమన లెవిన్ అనే కుర్రాడి కళ్లు వస్తాయి. అప్పటికి ఐయీల్ అహింసావ్రతం పట్టినవాళ్లు. కొట్టినా తిరిగి కొట్టరు. దోపిడీదొంగలు ఎత్తుకుపోయిన ఆడపిల్లలను తేవడానికి లెవిన్, మరికొందరు కుర్రాళ్లు వెళ్తారు. దుమ్ముకు కట్టుకున్న గుడ్డ ముఖాన ఉండగానే, చేతికందిన ఈటెతో మనిషిని చంపుతారు. పిల్లలను క్షేమంగా తెచ్చి అప్పగిస్తే, సొంతవాళ్లు వాళ్లను వెలివేస్తారు. తల్లి తన కొడుకును గుర్తుపట్టనంటుంది, ఆ ముఖం కప్పుకోమంటుంది. చంపే ముందు ముఖం కప్పుకునే ఆచారం అక్కడ పుట్టింది. తెగ మొత్తానికి గర్వంగా మారిన గుర్తు ఒక తల్లి నోటి నుంచి వచ్చిన శిక్ష.

ఇంకా వెనక్కి నడిస్తే ఆ జాతి అంతా ఒకప్పుడు ఏస్ సెడాయ్‌కు సేవకులని, ఆయుధం పట్టనని ప్రమాణం చేసినవాళ్లని తెలుస్తుంది. ఐయీల్ చులకనగా చూసే టింకర్లనే సంచారజాతి వాళ్ల రక్తసంబంధీకులే. మొదటి పుస్తకంలో కొన్ని పేజీలు కనిపించి మాయమైన ఆకుపచ్చ మనిషి సోమెష్టా ఇక్కడ బతికి, నడుస్తూ ఎదురవుతాడు. చివరి అడుగు దగ్గర లోకం ఇంకా చెడకముందు రోజు కనిపిస్తుంది. వీధిలో మామూలుగా నడిచి వెళ్తున్న ఒక మనిషి. అతని తలపైన ఆకాశంలో, చెడు అంతా మొదలయ్యే ఆ పేలుడు. ఏ రచయితైనా ఈ చరిత్రను ఒక ముసలాయన చేత చెప్పించి రెండు పేజీల్లో ముగించేవాడు. జోర్డాన్ దాన్ని తలకిందులు చేసి, పాఠకుడే తవ్వి తీసుకునేలా రాశారు. ఫాంటసీలో లోక నిర్మాణం అనే మాట అందరూ వాడతారు. అది కథగా ఎలా మారుతుందో చూడాలంటే ఈ రెండు అధ్యాయాలు చదివితే చాలు.

నాలుగో పుస్తకానికీ మచ్చలున్నాయి. టియర్ అనే నగరపు కోట నుంచి బయటపడటానికి మొదట్లో వందల పేజీలు పడుతుంది. అయితే అదే పుస్తకంలో పెరిన్ సొంత ఊరికి తిరిగి వెళ్లి, తన వాళ్లు చనిపోయారని తెలుసుకుని, రైతులను కూడగట్టి ఊరిని కాపాడుకునే కథ కూడా ఉంది. ఒకే అట్టల మధ్య అంత సరుకు శ్రేణిలో ఇంకెక్కడా లేదు.

రెండో చేయి

2005లో 'నైఫ్ ఆఫ్ డ్రీమ్స్'తో జోర్డాన్ మళ్లీ పాత వేగం అందుకున్నారు. తెగని దారాలు ఒక్కొక్కటే ముడిపడ్డాయి. పాఠకులు ఊపిరి పీల్చుకున్నారు. మిగిలింది ఒకే ఒక్క పుస్తకం, ఎంత లావైనా ఒకటే అని ఆయన చెబుతూ వచ్చారు. 2006లో తనకు అమిలాయిడోసిస్ అనే అరుదైన జబ్బు ఉందని బయటపెట్టారు. 2007 సెప్టెంబరు 16న యాభై ఎనిమిదేళ్ల వయసులో కన్నుమూశారు. ముగింపు దృశ్యం రాసి ఉంచారు, చాలా నోట్సు, చెప్పి రికార్డు చేయించిన సన్నివేశాలు వదిలి వెళ్లారు.

జోర్డాన్ పోయినప్పుడు యువ రచయిత బ్రాండన్ సాండర్సన్ రాసిన నివాళి హారియెట్ కంటపడింది. కుర్రతనం నుంచి ఈ శ్రేణి చదువుతూ పెరిగినవాడు. ఆమె ఆయనకే పని అప్పగించారు. ఒక్క పుస్తకం మూడయింది: 2009లో 'ది గ్యాదరింగ్ స్టార్మ్', 2010లో 'టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్', 2013 జనవరిలో 'ఎ మెమొరీ ఆఫ్ లైట్'.

ఇక్కడ తగువు రూపం మారుతుంది. పన్నెండో పుస్తకాన్ని మొత్తం శ్రేణిలోనే మేటి అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏస్ సెడాయ్ సంఘపు కేంద్రం వైట్ టవర్‌లో బందీగా ఉంటూ, దెబ్బలు తింటూ, తలవంచకుండా ఆ సంస్థను లోపలినుంచి గెలుచుకునే ఎగ్వీన్ ఒకవైపు. మనసు రాయి చేసుకుని, కన్నతండ్రిలా పెంచిన టామ్‌ను చంపబోయి ఆగి, కొండ శిఖరం మీద ఒంటరిగా కూలబడే రాండ్ ఒకవైపు. రెండు కథలనూ ఇంత బిగువుగా నడిపిన పుస్తకం శ్రేణిలో లేదన్న మాటలో నిజముంది. అదే పుస్తకంలో మ్యాట్ మాత్రం వేరే మనిషిలా మాట్లాడతాడు. వెటకారం ఉంది, ఒడుపు లేదు. ఈ ఫిర్యాదు సరైందేనని సాండర్సన్ ఒప్పుకుని, తర్వాతి పుస్తకాల్లో దిద్దుకున్నారు. పదమూడోదాని మీద మరో ఫిర్యాదు. పెరిన్ కథ రాండ్ కథకంటే వెనక రోజుల్లో నడుస్తుంటుంది, టామ్ రెండుచోట్లా ఉన్నట్టు కనిపించి పాఠకుడు తికమకపడతాడు. అయినా దాన్ని క్షమించడానికి కారణం ఉంది. 1993లో అయిదో పుస్తకంలో మాయమైన మొయిరేన్ అందులోనే తిరిగొస్తుంది. పదిహేడేళ్ల ఎదురుచూపు!

చివరి పుస్తకంలో అంతిమ సమరం పేరుతోనే ఒక అధ్యాయం ఉంది. దాదాపు 200 పేజీలు. ఎక్కడా ఆగి గుటక వేసే వీలు లేకుండా రాయాలనే అలా చేశారు. కొందరికి అదే శిఖరం, కొందరికి అలసట. అచ్చు పుస్తకం వచ్చిన మూడు నెలలకు గానీ ఈ-బుక్ రాదని తెలిసి కోపం తెచ్చుకున్న కొందరు, చదవకుండానే ఒక్క నక్షత్రం ఇచ్చేశారు. పుస్తకాలకు వేసే మార్కుల్లో చదువు ఎంత, ఎదురుచూపు ఎంత అన్నది అక్కడ దాపరికం లేకుండా బయటపడింది.

2014లో హ్యూగో అవార్డుకు ఈ శ్రేణి మొత్తం కలిపి ఒకే నవలగా పోటీలోకి వచ్చింది. బహుమతి ఆన్ లెకీ రాసిన 'ఏన్సిలరీ జస్టిస్'కు దక్కింది. పద్నాలుగు పుస్తకాలనూ ఒకే నవలగా ఎంచాక, మధ్యలో ఒకదాన్ని విడదీసి నీరసం అనడం న్యాయమా అని అడిగేవాళ్లు అప్పటినుంచి పెరిగారు. వాళ్ల వాదనలో బలం ఉంది గానీ, కొనుక్కున్నవాళ్లు ఒక్కో పుస్తకానికీ విడిగా డబ్బు పెట్టారు, విడిగా ఏళ్లు పెట్టారు. విడిగా తీర్పు చెప్పే హక్కు వాళ్లకు ఉంది.

2021 నవంబరులో ప్రైమ్ వీడియోలో సీరియల్‌గా వచ్చాక కొత్త తరం ఈ గొడవలోకి దిగింది. తెలుగు డబ్బింగ్‌తోనూ రావడంతో ఇక్కడి ప్రేక్షకులకూ దారి దొరికింది. ప్రియాంక బోస్ అందులో అలానా అనే ఏస్ సెడాయ్‌గా కనిపించారు. 2025లో వచ్చిన మూడో సీజన్ ఎక్కువగా 'ది షాడో రైజింగ్' కథ. గాజు స్తంభాల ఘట్టానికి ఒక పూర్తి ఎపిసోడ్ ఇచ్చారు, రాండ్ వేషం వేసిన జోషా స్ట్రాడౌస్కీయే పూర్వీకుల పాత్రలూ వేశారు. మెచ్చుకోలు బాగా వచ్చింది. ఆ మేలో సీరియల్‌ను ఆపేశారు. 'స్లాగ్' దగ్గరకు చేరకముందే తెర పడింది కాబట్టి, పదో పుస్తకాన్ని తెర మీద ఎలా నెగ్గుకొచ్చేవారో చూసే అవకాశం పోయింది.

ఆ సీరియల్ చూసి పుస్తకాలు మొదలెట్టేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'న్యూ స్ప్రింగ్' గురించి. మొదటి పుస్తకానికి ఇరవై ఏళ్ల ముందు జరిగే కథ అది. 2004లో, పదోదానికీ పదకొండోదానికీ మధ్య వచ్చింది. తర్వాతి పుస్తకం కోసం కాచుకున్నవాళ్లకు వెనకటి కథ చేతిలో పెట్టినందుకు అప్పట్లో దాన్ని కూడా తిట్టారు. కథాక్రమం ప్రకారం ముందు చదవాలని ఒక వర్గం, అచ్చయిన క్రమంలో చదవాలని ఇంకో వర్గం. ముందు చదివితే మొయిరేన్ ఎవరో, ఏం వెతుకుతోందో మొదటి పేజీకే తెలిసిపోయి, మొదటి పుస్తకంలో ఆమె చుట్టూ ఉన్న అనుమానం కాస్తా ఆవిరైపోతుంది. పదోది పూర్తిచేశాక తెరిస్తే, అది చిన్నది, చురుకైనది కాబట్టి, 'స్లాగ్' దాటొచ్చినవాళ్లకు ఆ వయసులోని మొయిరేన్, ఆమె అంగరక్షకుడు లాన్‌లను చూడటం హాయిగా ఉంటుంది. అచ్చయిన క్రమంలోనే చదవండి.